ఎముకలు దాచుకోవాలనుకుంటున్న మేనకోడలికి

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. మేక పుర్రె ఒకటి సంపాదించి శుభ్రం చేసి దాని మీద బొమ్మలు వేయాలని ఉందని, కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానిచ్చి బ్లీచింగ్ పౌడర్‌లో నానబెడితే తెల్లగా వచ్చేస్తుందని హాస్టల్లో ఎవరో చెప్పారని రాశావు. ఆ రెండూ చేయొద్దు. మిగతావన్నీ తీరిగ్గా చెప్తాను గానీ ఈ రెండూ మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకో, ఎందుకంటే ఒకసారి అవి చేశాక ఆ ఎముకని మళ్ళీ బాగుచేయడం ఎవరి వల్లా కాదు.

ఎందుకో అర్థమైతే మిగతా సలహాల్లో సగం నీకే తోస్తాయి. ఎముకంటే ఒట్టి సున్నం కాదు. బరువులో దాదాపు మూడింట రెండొంతులు కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్. ఖనిజం వల్ల గట్టిదనం, కొల్లాజెన్ వల్ల పటుత్వం. కోడి కాలి ఎముక ఒకటి వెనిగర్‌లో ఒక వారం ఉంచి చూడు, ఖనిజం కరిగిపోయి చేత్తో ఎటు వంచితే అటు వంగుతుంది. అదే నిప్పుల్లో బాగా కాల్చితే కొల్లాజెన్ పోతుంది, చూడ్డానికి ఎముకలాగే ఉంటుంది కానీ వేళ్ళ మధ్య నలిపితే పొడి రాలుతుంది. నీ పనంతా ఈ రెండింటికీ దెబ్బ తగలకుండా మాంసాన్నీ కొవ్వునీ మాత్రం బయటికి పంపడం. నీళ్ళు మరిగిస్తే కొల్లాజెన్ జిగురై నీళ్ళలోకి దిగిపోతుంది, పాయా చల్లారాక గిన్నెలో గడ్డకట్టి కనిపించేది అదే. మూలుగలో ఉన్న కొవ్వు కూడా వేడికి కరిగి ఎముక గోడల్లోకి ఇంకి కూర్చుంటుంది, నెలల తర్వాత పసుపుపచ్చ మరకలుగా పైకి తేలుతుంది. పళ్ళు నిలువునా చీలతాయి. ఇక బ్లీచ్ సంగతి, అది నేరుగా కొల్లాజెన్‌నే తినేస్తుంది. ఎంత కడిగినా ఎముక సందుల్లో మిగిలిపోయి ఆ తర్వాత కూడా తన పని చేసుకుంటూ పోతుంది, కొన్నాళ్ళకి పైపొర సుద్దలా రాలిపోతుంది. దాని మీద నువ్వు వేసిన బొమ్మ కూడా ఆ పొరతోపాటే పోతుంది.

ముందు ఎముక ఎక్కడిది అన్నది తేల్చుకోవాలి. నేను కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్ళూ పిల్లలకి మొదట చెప్పింది ఇదే, ఇప్పుడు నీకూ చెప్తున్నాను: మనుషులు తినడానికి కోసిన జంతువు ఎముకే తీసుకో. మేక, గొర్రె, కోడి, చేప. అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షణలో ఉన్న అడవి జంతువు చచ్చిపడి దొరికినా అది ప్రభుత్వ ఆస్తి. దాని ఎముక, కొమ్ము, గోరు, పన్ను, పెంకు అన్నీ అందులోకే వస్తాయి. నువ్వు చంపలేదు, దారిలో పడి ఉంటే తీసుకున్నాను అంటే కుదరదు, అలాంటిది దొరికితే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో అటవీ అధికారులకో చెప్పాలని చట్టంలోనే ఉంది. నెమలి, కృష్ణజింక, సముద్రపు తాబేలు లాంటివి మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి, వాటి విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్ళ జైలు, 2022లో చేసిన సవరణ తర్వాత కనీసం 25 వేల రూపాయల జరిమానా. చెన్నైలో ఉంటూ ఇది నాకెందుకు అనుకోకు. గిండీ పార్కు, ఐఐటీ క్యాంపస్ ఊరి మధ్యలోనే ఉన్నాయి, ఐఐటీలో చదివే నీ ఫ్రెండ్ ఎవరో రాలిపోయిన జింక కొమ్ము తెచ్చిస్తానని అన్నాడని రాశావు కదా, వద్దని చెప్పు, ఎక్కడున్నది అక్కడే వదిలేయమను.

బీచ్ కూడా అంతే. జనవరి నుంచి మార్చి దాకా బెసంట్ నగర్, నీలాంగరై ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ట్రాలర్ వలల్లో చిక్కుకుని ఊపిరాడక చనిపోయినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి, 2025 జనవరిలో అయితే వందల్లో వచ్చాయి, చూసినవాళ్ళకి కడుపు తరుక్కుపోయింది. ఆ పెంకు ఎంత అందంగా కనబడినా చెయ్యి వేయొద్దు. నీకు నిజంగా ఆసక్తి ఉంటే 1988 నుంచి ఆ ఒడ్డున రాత్రిళ్ళు నడుస్తూ తాబేలు గుడ్లను కాపాడుతున్న స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ పిల్లలతో కలిసి ఒక రాత్రి నడువు. తాబేలు గురించి పెంకు నేర్పేదానికంటే ఆ ఒక్క నడక ఎక్కువ నేర్పుతుంది.

రోడ్డు మీద చచ్చిపడిన కుక్క, పిల్లి, కాకి, ఎలుక వీటి జోలికి కూడా పోవద్దు. రేబిస్, బర్డ్ ఫ్లూ, ఎలుకలైతే లెప్టోస్పైరోసిస్, ఇవేవీ కంటికి కనపడేవి కావు. ఊరికి వెళ్ళినప్పుడు పొలం గట్టున పశువు ఎముకలు కనిపిస్తే ఆ పశువు ఎలా చనిపోయిందో తెలియనంతవరకు ముట్టుకోకు, ఆంత్రాక్స్ సూక్ష్మజీవులు మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి.

ఇప్పుడు మటన్ కొట్టు. ఆదివారం పొద్దున రద్దీలో వెళ్ళి అడిగితే విసుక్కుంటారు, వారం మధ్యలో వెళ్ళు. ఇక్కడ తలకాయ అడిగితే అలవాటుగా బర్నర్‌తో బొచ్చు కాల్చేసి, కత్తితో రెండుగా చీల్చి మెదడు తీసి ఇస్తారు. నీకు రెండూ వద్దు. "వెట్టామ, సుడామ ముళు తలై వేణుం అణ్ణా" (కోయకుండా, కాల్చకుండా తల మొత్తం కావాలన్నా) అని ముందే చెప్పు, తోలు మాత్రం ఒలిచి ఇమ్మను. నాలుక, దవడ మాంసం అతని చేతే తీయించుకుని కూరకి వాడుకో, మాంసం ఎంత తక్కువ మిగిలితే నీకు వాసన అంత తక్కువ. ఇంకో మాట, కాస్త ముదురు మేక తల అడుగు. లేత మేకలో పుర్రె ముక్కలు ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండవు, నానబెట్టాక అతుకుల దగ్గర విడిపోతాయి. కింది దవడ ముందు పళ్ళు చూస్తే తెలుస్తుంది: మధ్యలో రెండు పెద్ద పళ్ళు వచ్చి ఉంటే ఏడాది దాటిన మేక, అలాంటి పెద్ద పళ్ళు ఎన్ని ఎక్కువ ఉంటే అంత ముదురు. పైన ముందు పళ్ళు లేవేంటి అని కంగారుపడకు, మేకకీ గొర్రెకీ ఆవుకీ పైన ముందు పళ్ళు ఉండవు, అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుంది.

అసలు పద్ధతి చాలా సులువు, కావాల్సిందల్లా ఓపిక. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ తీసుకో, తలని అందులో పెట్టి పూర్తిగా మునిగేలా మామూలు నీళ్ళు పోయి, వదిలేయి. నీళ్ళలో పెరిగే బాక్టీరియాయే మాంసాన్ని తినేస్తుంది, ఎముక జోలికి రాదు. అందుకే ఉప్పు, డెట్టాల్, ఫినాయిల్, నిమ్మరసం ఏవీ వేయకూడదు, వేస్తే నీ పని చేసిపెట్టేవాళ్ళనే చంపుకున్నట్టు. నీళ్ళు మార్చేటప్పుడు కూడా మొత్తం పారబోయకు, సగం తీసి సగం ఉంచు. వెచ్చదనం ఎంత ఉంటే పని అంత తొందరగా అవుతుంది, ఈ విషయంలో చెన్నై కంటే మంచి ఊరు లేదు. ఏప్రిల్, మే నెలల్లో మేక తల రెండు మూడు వారాల్లో వచ్చేస్తుంది, డిసెంబర్‌లో అంతకి రెట్టింపు పట్టినా ఆశ్చర్యపోకు. ఎముక నీళ్ళపైకి తేలి గాలి తగిలితే అక్కడ నల్ల మచ్చ పడుతుంది, ఎప్పుడూ మునిగే ఉండాలి.

వాసన సంగతి దాచిపెట్టను. భరించలేనంత ఉంటుంది, మూత తీసినప్పుడు మరీను. హాస్టల్లో కుదరదు. మా మేడ మీద పెట్టుకో, కింద వాటాలో వాళ్ళతో నేను ముందే మాట్లాడతాను. అద్దెకి ఉన్నచోట ఇంటివాళ్ళకి చెప్పకుండా ఇలాంటివి మొదలుపెడితే గొడవైపోతుంది, అందులోనూ మాంసం తినని ఇల్లయితే వాళ్ళని ఇబ్బంది పెట్టడం మర్యాద కూడా కాదు. మూత కింద దోమతెర గుడ్డ బిగించి కట్టాలి, లేకపోతే ఆ నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయి, కార్పొరేషన్ వాళ్ళు మేడలెక్కి మరీ నిలవ నీళ్ళు చూస్తారు. మూత మీద పెద్ద రాయి పెట్టు, కాకులూ పిల్లులూ ఊరుకోవు. అక్టోబర్ నుంచి వానలు మొదలైతే బకెట్‌ని షెడ్డు కిందకి జరపాలి, తుపాను రోజు అది పొంగి మెట్ల మీదుగా కారితే ఇంక మనల్ని ఎవరూ క్షమించరు.

పారబోసేటప్పుడు తప్పకుండా సన్న జల్లెడలో వడకట్టు. మాంసం పట్టు పోగానే ముందు పళ్ళు ఊడి అడుగున పడతాయి, అవి పారబోసిన నీళ్ళతో పోతే మళ్ళీ దొరకవు. కోడిగుడ్ల అట్ట ఒకటి దగ్గర పెట్టుకుని, ఏ పన్ను ఎటువైపు ఎన్నోదో ఆ గుంటలోనే వేయి. రబ్బరు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, చేతి మీద గాయం ఉంటే ఆ రోజు పని మానేయి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్ళయిందో మీ అమ్మని అడుగు. మెదడుని కెలికి తీయాల్సిన పనిలేదు, అదే కరిగి పుర్రె వెనకున్న పెద్ద రంధ్రంలోంచి వచ్చేస్తుంది, పైపు నీళ్ళు మెల్లగా పోస్తే చాలు. ముక్కు లోపల కాగితం కంటే పల్చగా చుట్టలు చుట్టుకున్న ఎముకలుంటాయి, అక్కడ పుల్లలు, తీగలు పెట్టి పొడిచావంటే నుగ్గయిపోతాయి. నా మటుకు నాకు పుర్రెలో అన్నిటికంటే అందమైన చోటు అదే, మేక వాసన పట్టే నేర్పంతా ఆ మడతల్లో ఉంది. కొమ్ములు కూడా నానాక పైతొడుగు ఊడి వస్తుంది, లోపలిది ఎముక, పైది మన గోరు లాంటి పదార్థం. ఊడకపోతే లాగకు, ఇంకో వారం ఆగు. తొడుగుని విడిగా సబ్బు నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టు.

మాంసం పోయి ఎముక తెల్లబడగానే అయిపోయిందనుకుని ఆపేస్తారు అందరూ, కానీ కొవ్వు తీయడం ఇంకా మిగిలే ఉంటుంది, అసలు పని అదే. గోరువెచ్చని నీళ్ళలో పాత్రలు తోమే లిక్విడ్ కలిపి అందులో నానబెట్టు. బట్టల పౌడర్ వద్దు, వాటిల్లో ప్రొటీన్ మరకల్ని తినే ఎంజైములుంటాయి, అవి కొల్లాజెన్‌ని కూడా వదలవు. రెండు మూడు రోజులకి నీళ్ళు మబ్బుగా అయి పైన జిడ్డు తెట్టు కడుతుంది, మార్చు. మళ్ళీ మబ్బు పడుతుంది, మళ్ళీ మార్చు. నీళ్ళు తేటగా నిలిచేదాకా ఇదే, వారాలు పట్టొచ్చు, తొడ ఎముకలైతే నెలలు. అయిందో లేదో తేల్చుకోవాలంటే బాగా ఆరిన ఎముకని న్యూస్‌పేపర్ మీద పెట్టి వెచ్చని గదిలో కొన్ని రోజులు ఉంచు. కాగితం మీద నూనె మరక పడితే ఇంకా ఉన్నట్టే. అసిటోన్‌లో వేస్తే తొందరగా పోతుందని ఎక్కడైనా చదువుతావు, నిజమే, కానీ అది పెట్రోల్ అంత తేలిగ్గా అంటుకునే ద్రవం, గాలాడని హాస్టల్ గదిలో దాని పేరెత్తొద్దు.

తెల్లదనం కోసం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. మందుల షాపులో 6 శాతం సీసా దొరుకుతుంది, అంతే కొలత నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో ఎముక మునిగేలా పోసి ఒకటి రెండు రోజులు ఉంచు, మూత వదులుగా పెట్టు, బిగిస్తే లోపల ఆక్సిజన్ నిండి డబ్బా పగిలే ప్రమాదం ఉంది. 30 శాతంది కెమికల్ షాపులో కనిపించినా కొనకు, చర్మం కాలుతుంది. కొమ్ము తొడుగులు ఇందులో వేయకు. నిజం చెప్పాలంటే మేక ఎముక సహజంగా వెన్న రంగులో ఉంటుంది, కాగితంలా తెల్లగా ఉండాలని పట్టుబట్టకు, ఆ వెన్న రంగు మీద సిరా ఎంత బాగుంటుందో గీసి చూడు.

చివరి కడుగు మాత్రం బోరు నీళ్ళతో వద్దు. మన వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది, ఆరాక ఎముక మీద తెల్లగా పూస్తుంది. మెట్రో వాటరో, క్యాన్ నీళ్ళో వాడి, ఒక రోజు అందులోనే ఉంచి తీయి. ఎండలో పెట్టకు, పగుళ్ళిస్తుంది. ఫ్యాన్ గాలికి నీడలో ఆరనీ, ఎన్ని రోజులైనా సరే.

కోడి గురించి అడిగావు. బ్రాయిలర్ వద్దు, ఆరేడు వారాల్లోనే కోసేస్తారు, దాని ఎముకల చివర్లు ఇంకా మెత్తగానే ఉంటాయి, బకెట్లో కరిగిపోతాయి. నాటుకోడి పెట్టని తీసుకో. చిన్న ఎముకలు కలిసిపోకుండా ఒక్కో కాలు, ఒక్కో రెక్క విడివిడిగా పాత సాక్స్‌లో వేసి కట్టి నానబెట్టు. కంటిగుడ్డు చుట్టూ చిన్న ఎముక రేకులు ఉంగరంలా పేర్చి ఉంటాయి, పక్షులకి ఉంటాయి మనకి లేవు, చాలామంది తెలియక పారేస్తారు. చేపల్లో అయితే కత్తాళై అనే సముద్రపు చేప తలతో మొదలుపెట్టు, కాసిమేడులోనో చింతాద్రిపేట మార్కెట్లోనో దొరుకుతుంది. దాని తలలో చెవి దగ్గర పింగాణీలా మెరిసే రెండు రాళ్ళుంటాయి, వాటిలో పడే వలయాలని బట్టే శాస్త్రవేత్తలు చేప వయసు లెక్కిస్తారు. చెవికి దుద్దులు చేసుకోవడానికి అంతకంటే మంచివి ఉండవు. సముద్రపు జెల్ల పుర్రె కూడా గట్టిగా, విడిపోకుండా వస్తుంది గానీ దాని ముళ్ళు గుచ్చుకుంటే చెయ్యి వాచిపోతుంది, చేపలమ్మే ఆవిడ చేతే ముళ్ళు కొట్టించుకుని తీసుకో.

మ్యూజియం వాళ్ళు పురుగుల చేత మాంసం తినిపిస్తారని రాశావు, ఔను, డెర్మెస్టిడ్ పురుగులు. ఎండుచేపల బస్తాలకి పట్టేవి ఆ జాతివే. ఇంట్లోకి తేవద్దు, తోలు, ఉన్ని దేన్నీ వదలవు.

చెక్కడం, రంపంతో కోయడం మొదలుపెడితే ఎన్95 మాస్క్ పెట్టుకోవాల్సిందే, ఎముక పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, సాండ్‌పేపర్ ఎప్పుడూ నీళ్ళతో తడిపి రుద్దు. వార్నిష్ వద్దు, కొన్నాళ్ళకి పచ్చబడుతుంది. రంగు కావాలంటే టీ డికాషన్ చక్కగా పట్టుకుంటుంది. పసుపు కూడా పడుతుంది కానీ వెలుగుకి వెలిసిపోతుంది. పాత ఎముకలు రాలిపోతుంటే మ్యూజియంలో పారలాయిడ్ బి-72 అనే రెసిన్ పూస్తారు, కొల్లాజెన్ కాపాడుకుంటూ శుభ్రం చేసినదానికి ఆ అవసరమే రాదు. వానాకాలంలో బూజు పట్టకుండా మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచు.

మీ అమ్మ ఇంట్లో ఎముకలు పెట్టుకోవడం అశుభం అంటోందని బాధపడ్డావు. వాదన పెట్టుకోకు. ఇవి మనం కూర వండుకున్న మేకవేనని, స్మశానం నుంచో అడవి నుంచో తెచ్చినవి కావని చెప్పు, పూజ గది ఉన్న అంతస్తులోకి తీసుకెళ్ళనని మాటివ్వు. వదిన భయం నాకు అర్థమవుతుంది, ఒకసారి శుభ్రంగా ఆరిన పుర్రె చేతిలో పట్టుకుని చూస్తే ఆమె కూడా పళ్ళ వరస గురించి అడుగుతుంది, చూస్తుండు.

ఇక లేబుల్. ఇది అక్కర్లేని పని అనిపిస్తుంది కానీ దీనికే నేను ఎక్కువ పట్టుబడతాను. ప్రతి ఎముకతోపాటు ఏ జంతువు, ఆడా మగా, ఏ కొట్టు, ఏ తేదీ, ఎలా శుభ్రం చేశావు, ఇవన్నీ పెన్సిల్‌తో కాగితం మీద రాసి డబ్బాలో పెట్టు. 1863లో పల్లావరం దగ్గర ఆదిమానవుల రాతి గొడ్డలి కనిపెట్టిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకూ 1880లలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు చేశారు. సున్నపురాయి గుహలు కాబట్టి ఆమ్లం తగలక ఎముకలు నిలిచాయి. అందులో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి, 1886లో లైడెకర్ అనే శాస్త్రవేత్త దానికి కర్నూలు పేరు మీదే రైనోసెరోస్ కర్నూలియెన్సిస్ అని పేరుపెట్టాడు. మన కర్నూలు సీమలో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయని మనకి తెలిసిందంటే ఆ ఎముక ఎక్కడ దొరికిందో రాసిపెట్టబట్టే. ఏ ఊరిదో తెలియని పెట్టెలో పడి ఉంటే దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేకపోయేవారు. నీది మేక పుర్రే కావచ్చు, అయినా రాయి.

మొదలుపెట్టే ముందు ఒకసారి ఎగ్మోర్ మ్యూజియంకి వెళ్ళొద్దాం. 1851లో పెట్టింది, జువాలజీ విభాగంలో తిమింగలం అస్థిపంజరం ఉంది, అంత పెద్ద శరీరంలో ఏ ఎముక దేనికి ఎలా ఆనుకుని ఉందో కూర్చుని గీసుకోవచ్చు. శుక్రవారం సెలవు, శనివారం నీకు క్లాసులు లేకపోతే చెప్పు, నేను పొద్దున్నే బయల్దేరి వస్తాను. బకెట్ కొనొద్దు, మా ఇంట్లో మూత ఉన్నది ఒకటుంది.

అత్తయ్య